స్టాఫ్ నిలవకపోతే మీకు ఎంత పోతోంది? తిరుపతి లాడ్జీలు, హోటళ్ల వాళ్లు లెక్క కట్టుకునే పద్ధతి

బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు రాత్రి గరుడ సేవ. దానికి ముందురోజు సాయంత్రం ఒక లాడ్జి యజమాని నాకు ఫోన్ చేశారు. ఆయనకి నేను చాలా ఏళ్లుగా లెక్కలు చూస్తున్నాను. "నైట్ రిసెప్షన్ అబ్బాయి పొద్దున్నుంచి ఫోన్ ఎత్తడం లేదు సార్. తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే పంపండి" అన్నారు. ఆ పూట ఎవరు దొరుకుతారు? షుగర్ ఉన్న మనిషి, రెండు రాత్రులు తనే కౌంటర్లో కూర్చున్నారు. తెల్లవారుజామున రెండు గంటలకి ఒకే గది రెండు కుటుంబాలకి రాసిచ్చారు. ఒక కుటుంబానికి డబ్బు వాపసిచ్చి, దండం పెట్టి పంపాల్సి వచ్చింది.

తర్వాతి నెల పుస్తకాలు నా ముందుకొచ్చాయి. ఆ రెండు రాత్రుల నష్టం ఎక్కడుందా అని వెతికాను. వాపసు ఇచ్చిన డబ్బు డిస్కౌంట్లలో కలిసిపోయింది. కొత్త మనిషిని తెచ్చినవాడికి ఇచ్చింది ఇతర ఖర్చుల్లో పడింది. ముంచిపోయిన అడ్వాన్సు ఇంకా రావాల్సిన బాకీల్లోనే ఉంది. ఇక జీతాల పద్దు చూస్తే, అది తగ్గింది! మనిషి లేని రోజులకి జీతం ఇవ్వలేదు కదా. పుస్తకం ప్రకారం ఆ అబ్బాయి మానేయడం వల్ల ఆయనకి లాభం వచ్చినట్టు!

అసలు చిక్కు ఇదే. మనిషి వెళ్లిపోయినప్పుడు పోయే డబ్బు ఒకచోట పోదు, పది పద్దుల్లో చిల్లరగా పోతుంది. అందుకే మన దగ్గర యజమానులు "ఈ కాలం పిల్లలు నిలవరు" అని నిట్టూర్చి ఊరుకుంటారు తప్ప, ఎంత పోతోందో చూడరు. ఆ చిల్లరంతా ఒక కాగితం మీదికి ఎలా తేవాలో, తెచ్చాక ఏం చేయాలో కింద వరసగా చెబుతాను. లాడ్జి, టిఫిన్ హోటల్, బట్టల షాపు, ట్రావెల్స్ ఆఫీసు, ఏదైనా పద్ధతి ఒకటే.

ఒక మాట ముందే చెప్పాలి. మన వ్యాపారుల భాషలో టర్నోవర్ అంటే అమ్మకాలు. స్టాఫ్ టర్నోవర్ వేరు: ఉన్నవాళ్లు వెళ్లడం, వాళ్ల స్థానంలో కొత్తవాళ్లు రావడం. పెద్ద కంపెనీల్లో దీన్నే అట్రిషన్ అంటారు.

మొదటి మెట్టు: వెళ్లినవాళ్ల పేర్లు రాయండి

ఒక మామూలు రూళ్ల నోట్‌బుక్ చాలు. గత ఏప్రిల్ ఒకటి నుంచి ఈ మార్చి 31 దాకా మానేసిన ప్రతి మనిషి పేరూ రాయండి. జ్ఞాపకం మీద రాయొద్దు. జీతాల రిజిస్టరు, హాజరు పుస్తకం ముందు పెట్టుకోండి. జ్ఞాపకం మీద రాసిన యజమానులు దాదాపు ప్రతిసారీ సగం మందినే గుర్తు తెచ్చుకున్నారు. నాలుగు రోజులు చేసి మాయమైనవాళ్లని మనం లెక్కలోకే తీసుకోం. కానీ ఆ నాలుగు రోజులూ వాళ్లకి పని చూపించడానికి ఇంకో మనిషి తిరిగాడు కదా.

ప్రతి పేరు పక్కనా ఐదు విషయాలు రాయండి: ఏ పని, చేరిన తేదీ, వెళ్లిన తేదీ, చివరి జీతం, తనే వెళ్లాడా మీరు పంపారా. కారణం అనే గడిని ఇప్పటికి ఖాళీగా వదలండి. అక్కడ మీరు రాసేది మీ ఊహే అవుతుంది.

సీజన్ మనుషుల్ని ఇందులో కలపకండి. బ్రహ్మోత్సవాలకో, వేసవి సెలవులకో నెలా రెండు నెలలకని చెప్పి పెట్టుకున్నవాళ్లు గడువు అయ్యాక వెళ్లడం మానేయడం కాదు. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో తోతాపురి కాలానికి వచ్చే కూలీలూ అంతే. వాళ్లకి వేరే పేజీ పెట్టండి. అయితే గడువు పూర్తికాకముందే మధ్యలో వెళ్లిపోయినవాళ్లు మాత్రం అసలు లెక్కలోకే వస్తారు.

రెండో మెట్టు: శాతం కట్టండి

ఏడాది మొదట్లో ఎంతమంది ఉన్నారు, చివర్లో ఎంతమంది ఉన్నారు, రెండూ కలిపి సగం చేస్తే సగటు స్టాఫ్. వెళ్లినవాళ్ల సంఖ్యని ఆ సగటుతో భాగించి వందతో హెచ్చిస్తే శాతం.

36 గదుల లాడ్జి అనుకుందాం. ఏప్రిల్‌లో 16 మంది, మార్చి చివరికి 14 మంది. సగటు 15. ఏడాదిలో వెళ్లినవాళ్లు 12 మంది. పన్నెండుని పదిహేనుతో భాగించి వందతో హెచ్చిస్తే 80 శాతం.

ఈ అంకె చూడగానే చాలామంది బెదిరిపోతారు. బెదరాల్సిన పనిలేదు, పక్క లాడ్జితో పోల్చుకోవాల్సిన పనీ లేదు. మీ పోయినేడాదితో పోల్చుకోండి, చాలు. శాతం సున్నా కావాలనీ లేదు. దొంగతనం చేసినవాడిని పంపేయడం, పని బొత్తిగా రానివాడు వెళ్లిపోవడం, వయసైపోయి మానుకోవడం మంచివే, లేదా తప్పనివి. తనంతట తను వెళ్లిపోయిన మంచి పనివాడి గురించే మనం బాధపడాలి. అందుకే ఆ పన్నెండు మందిలో "మళ్లీ వస్తానంటే తీసుకుంటానా?" అని ఒక్కొక్కరి పేరు దగ్గరా మిమ్మల్ని మీరే అడగండి. "తీసుకుంటాను" అనిపించిన పేరుకి చుక్క పెట్టండి. ముఖ్యంగా చూడాల్సింది ఆ చుక్కలనే.

మూడో మెట్టు: ఎక్కడ కారుతోందో చూడండి

80 శాతం అంటే ఇల్లంతా కారుతోందని కాదు. మన ఉదాహరణలోని 12 మందిని పనుల వారీగా విడదీద్దాం. రూమ్ బాయ్‌లు ఆరుగురు, నైట్ రిసెప్షన్‌లో నలుగురు, లాండ్రీలో ఒకరు, వాచ్‌మన్ ఒకరు. అంటే నైట్ రిసెప్షన్ అనే ఒక్క కుర్చీలో ఏడాదిలో నలుగురు మారారు. పగటి రిసెప్షన్, ఎలక్ట్రీషియన్, మేనేజరు, పంప్ చూసే పెద్దాయన ఏడాదంతా కదల్లేదు. ఇప్పుడు సమస్య "పిల్లలు నిలవరు" అన్నది కాదు. "ఆ కుర్చీలో ఏముంది?" అన్నది.

తర్వాత రోజుల వారీగా చూడండి. చేరిన 90 రోజుల్లోపు వెళ్లింది ఎందరు, ఏడాది దాటాక వెళ్లింది ఎందరు? తొందరగా వెళ్లేవాళ్లు ఎక్కువైతే మనం చెప్పిన పనీ చూపించిన పనీ ఒకటి కాదన్నమాట. అలవాటైన పాతవాళ్లు వెళుతుంటే ఎదుగుదల లేకో, ఎవరితోనో పడకో అయి ఉంటుంది. ఈ రెండింటికీ మందు వేరు.

నెలల వారీగా కూడా ఒకసారి చూసుకోండి. మే నెలలో గంగమ్మ జాతర వారం స్థానికుల హాజరు తగ్గుతుంది, అది సెలవే. దీపావళి తర్వాత ఛఠ్ పూజకి బీహార్ అబ్బాయిలు ఊరెళతారు. వెళ్లినవాళ్లలో తిరిగి రానివాళ్లు మీ నోట్‌బుక్‌లో నవంబర్ దగ్గర కనబడతారు.

నాలుగో మెట్టు: ఒక్క మనిషికి అయిన ఖర్చు రాయండి

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి. అన్ని ఉద్యోగాలకీ ఒకేసారి కట్టబోతే మధ్యలో వదిలేస్తారు. ఎక్కువగా మారే కుర్చీ ఒకటి తీసుకోండి. నేను నైట్ రిసెప్షన్ తీసుకుంటాను. జీతం నెలకి 15,000 రూపాయలు, అంటే రోజుకి 500 అనుకుందాం. మనిషి చెప్పకుండా మానేశాడు, కొత్త మనిషి దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది.

ముందు కుర్చీ ఖాళీగా ఉన్న రోజులు. ఆ తొమ్మిది రాత్రులూ పగటి అబ్బాయే అదనంగా కూర్చున్నాడు. అదనపు గంటలకి చట్టం ప్రకారం రెట్టింపు ఇవ్వాలి కాబట్టి రాత్రికి 1,000 చొప్పున 9,000. ఇందులో మిగిలిన జీతాన్ని తీసేయడం మర్చిపోకండి. వెళ్లినవాడికి ఇవ్వని జీతం తొమ్మిది రోజులకి 4,500. నికరంగా పోయింది 4,500. మన వైపు నుంచి నిజాయితీగా కట్టకపోతే ఈ లెక్క మనమే నమ్మం.

అదే తొమ్మిది రోజుల్లో పోయిన వ్యాపారం. రోజంతా చేసి రాత్రి కూడా కూర్చున్న మనిషి రెండింటికి నిద్రలోకి జారతాడు. ఆ వేళకే రైల్వే స్టేషన్ నుంచి ఆటోలో దిగిన కుటుంబం గాజు తలుపు రెండుసార్లు తట్టి, పక్క లాడ్జికి వెళ్లిపోతుంది. అలా ఆరు గదులు పోయాయనుకుందాం. గది 1,500 చొప్పున 9,000. అయితే పోయింది మొత్తం 9,000 కాదు. గది ఇచ్చి ఉంటే దుప్పట్ల ఉతుకు, సబ్బు, కరెంటు, నీళ్లకి గదికి 250 అయ్యేది. అది తీసేస్తే 7,500. అమ్మకం మొత్తాన్ని నష్టంగా రాసుకుంటే అంకె పెద్దగా కనిపిస్తుంది కానీ తప్పు లెక్క అవుతుంది.

కొత్త మనిషిని వెతకడం. తెచ్చినవాడికి 3,000. మేనేజరు ఫోన్లకీ, వచ్చినవాళ్లతో మాట్లాడటానికీ ఆరు గంటలు. ఆయన జీతంలో గంటకి 150 పడుతుందనుకుంటే 900. యజమాని తన సమయానికి విలువ కట్టుకోరు. కట్టాలి.

నేర్పడం. మొదటి ఏడు రాత్రులు కొత్తవాడు పక్కన కూర్చుని చూస్తాడు, చేసేది పని తెలిసిన ఇంకో మనిషే. ఆ ఏడు రోజుల జీతం 3,500 నేర్పిన ఖర్చు. యూనిఫాం 1,200.

తప్పులు. మొదటి నెలలో ఒక శనివారం ఇద్దరికి బుక్ చేసిన రెండు గదుల వాపసు, గదికి 1,800 చొప్పున 3,600. మన లాడ్జీల్లో చాలాచోట్ల 24 గంటల చెక్-అవుట్ కదా. ఎవరు ఎన్నింటికి దిగారో రిజిస్టరు తిరగేసి చూసుకోవడం కొత్తవాడికి అలవాటు ఉండదు. గడువు దాటిన నాలుగు గదులకి అదనం వసూలు చేయలేదు, 400 చొప్పున 1,600.

చివరిగా, వెళ్లినవాడు పండగకి తీసుకుని తీర్చని అడ్వాన్సు 2,000.

కలపండి. ఖాళీ రోజుల జీతం తేడా 4,500, పోయిన గదులు 7,500, వెతుకులాట 3,900, నేర్పడం, యూనిఫాం 4,700, తప్పులు 5,200, అడ్వాన్సు 2,000. మొత్తం 27,800 రూపాయలు.

15,000 జీతగాడు ఒక్కడు మానేస్తే దాదాపు రెండు నెలల జీతం. అదే కుర్చీ ఏడాదిలో నాలుగుసార్లు మారితే 1,11,200. ఈ అంకెలు ఉదాహరణవి. మీ చోట గది అద్దె వేరు, జీతం వేరు. కానీ ఈ ఆరు పద్దులూ మీ దగ్గరా ఉంటాయి. ఏదైనా పద్దుకి అంకె దొరక్కపోతే తక్కువలో తక్కువ వేయండి. తక్కువ వేసినా మొత్తం చూస్తే గుండె గుభేలుమంటుంది.

గ్రాట్యుటీని, అంటే ఏళ్ల తరబడి చేసి మానేవారికి చట్టం ప్రకారం ఇచ్చే మొత్తాన్ని, మాత్రం ఈ లెక్కలో వేయకండి. చాలామంది చేసే పొరపాటిది. పదిమంది లేదా అంతకుమించి పనిచేసేచోట ఐదేళ్లు నిండినవారికి ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున, నెలని 26 రోజులుగా లెక్కేసి ఇవ్వాలి. 15,000 మీద ఆరేళ్లు చేస్తే 51,923 రూపాయలు. అది ఆ మనిషి ఆరేళ్లలో సంపాదించుకున్న డబ్బు, వెళ్లడం వల్ల పుట్టిన ఖర్చు కాదు. ఈ డబ్బు తప్పించుకోవాలని నాలుగున్నరేళ్లకి మనిషిని సాగనంపిన వాళ్లని చూశాను. అన్యాయం సంగతి అటుంచినా, ఆ చేయి తిరిగిన మనిషి స్థానాన్ని నింపడానికి వాళ్లకి ఎంతయ్యిందో ఎవరూ లెక్క చూసుకోలేదు.

ఐదో మెట్టు: అంకెకి దొరకని నష్టాన్ని మాటల్లో రాయండి

రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో ఒక చిన్న టిఫిన్ హోటల్ ఉండేది. పొద్దున ఆరింటికి ఆటోవాళ్లు వరసగా నిలబడి కారం దోశ తినేవాళ్లు. దోశ మాస్టర్ రోజుకి వంద రూపాయలు ఎక్కువ వస్తుందని ఇంకోచోటికి వెళ్లిపోయాడు. యజమాని ఆ వంద ఇవ్వలేదు. "వంద అడిగినవాడు రేపు రెండొందలు అడుగుతాడు" అన్నారు. మూడో రోజుకే నెల్లూరు వైపు నుంచి కొత్త మాస్టర్ వచ్చాడు. మంచి పనివాడే, పెనం మీద చేయి బాగా ఆడేది. కానీ పాత మాస్టర్ మే నెల ఎండలకి పిండి రాత్రి పదింటికి రుబ్బించి, గిన్నె కింద తడిగోనె వేసేవాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కొత్తాయన అలవాటు ప్రకారం సాయంత్రం ఆరింటికి రుబ్బించాడు. తెల్లారేసరికి పిండి పులిసి పొంగి గిన్నె అంచు దాటింది. చెనక్కాయ చట్నీలో చింతపండు కాస్త ఎక్కువ పడింది. తిన్నవాళ్లు ఎవరూ గొడవ చేయలేదు. ఒక వారం తర్వాత ఆటోలు ఎదురు బండి దగ్గర నిలబడ్డాయి. రోజుకి పది కిలోల పిండి ఏడు కిలోలకి వచ్చింది. యజమాని రేటు పెంచినందుకు తగ్గారనుకున్నారు.

మనిషితో పాటు వెళ్లేది ఇలాంటి తెలివిడి. లాడ్జీల్లో అయితే 302లో గీజర్ స్విచ్ రెండుసార్లు నొక్కాలని, మూడో అంతస్తుకి నీళ్లు ఎక్కాలంటే తెల్లవారుజామున మూడింటికే మోటార్ వేయాలని రూమ్ బాయ్‌కి తెలుసు. దర్శనానికి బయల్దేరే కుటుంబానికి నాలుగింటికి వేడినీళ్లు రాకపోతే ఆ కోపం మామూలుగా ఉండదు. రిసెప్షన్ అబ్బాయికి దర్శనం టోకెన్లు శ్రీనివాసంలో ఇస్తారా, విష్ణు నివాసంలోనా, భూదేవి కాంప్లెక్స్‌లోనా, ఏ వేళకి ఎక్కడ రద్దీ తక్కువ అనేది తెలుసు. పురటాసి శనివారాలకి వచ్చే తమిళ కుటుంబాలతో అరవంలో, కర్ణాటక వాళ్లతో కన్నడంలో నాలుగు మాటలు మాట్లాడతాడు. "పోయిన ఏడాది మీ దగ్గరే దిగాం, ఆ తమ్ముడు లేడా?" అని అడిగే యాత్రికుడు మీకు ప్రకటన ఖర్చు లేకుండా వచ్చిన గిరాకీ. తమ్ముడు లేడని తెలిశాక అతని ముఖం ఒకసారి గమనించండి.

ఇంకొకటి, ఉన్నవాళ్ల అలసట. ఇద్దరి పని ఒకడు చేసిన నెలలోనే ఆ ఒకడూ ఇంకోచోట అడగడం మొదలుపెడతాడు. ఒకరి వెనక ఒకరు వెళ్లడం చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది. మీ నోట్‌బుక్‌లో వెళ్లిన తేదీలు దగ్గరదగ్గరగా గుంపుగా ఉన్నాయేమో చూడండి.

ఇవి డబ్బులోకి మార్చకపోయినా, ఒక్కో మనిషి పేరు కింద రెండు వాక్యాలు రాయండి.

ఆరో మెట్టు: ఎందుకు వెళ్లారో అడగండి

వెళ్లే రోజు అడిగితే "ఊళ్లో అమ్మకి బాగోలేదు సార్" అంటారు. సెటిల్‌మెంట్ మీ చేతిలో ఉండగా నిజం చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? డబ్బంతా ఇచ్చేసి, రెండు మూడు వారాలు ఆగి అడగాలి. మీరు కాదు, మేనేజరు అసలే కాదు. వాళ్లకి చనువున్న పాత ఉద్యోగితోనో, నాలాంటి బయటివాళ్లతోనో అడిగించండి. "ఎందుకు మానేశావు?" అని కాకుండా "మానేద్దామని మొదట ఎప్పుడు అనిపించింది?" అని అడిగించండి. మొదటి ప్రశ్నకి సాకు వస్తుంది. రెండో ప్రశ్నకి ఒక రోజు, ఒక సంఘటన వస్తుంది.

అలా అడిగితే నేను విన్నవి: పడుకోవడానికి మెట్ల కింద చోటిచ్చారు, నల్లులు. యాత్రికుల ముందు మేనేజరు అరిచాడు. వారానికో సెలవన్నారు, నెలకి ఒకటి కూడా రాలేదు. రాత్రి డ్యూటీ దిగాక చంద్రగిరికి బస్సు కోసం గంట నిలబడాలి. ఒకటో తారీఖు జీతం పన్నెండుకి వస్తే ఇంటి అద్దె దగ్గర మాట పడాల్సి వచ్చింది. ఈ చివరిది నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్నాను. పైసా ఖర్చు లేకుండా బాగుచేయగలిగింది కూడా ఇదే.

జీతం గురించి వచ్చే మాట కూడా కాస్త విప్పి చూడాలి. శ్రీసిటీ, రేణిగుంట వైపు ఫ్యాక్టరీలకి వెళ్లిపోయిన అబ్బాయిలు ఎక్కువ జీతం కోసమే వెళ్లారని మనం అనుకుంటాం. వాళ్లతో మాట్లాడితే కంపెనీ బస్సు, క్యాంటీన్, ఎనిమిది గంటల షిఫ్ట్, ఆదివారం సెలవు, పీఎఫ్ అని చెబుతారు. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు "కంపెనీలో ఉద్యోగం" అని చెప్పుకోవచ్చని ఒకబ్బాయి చెప్పాడు.

ఏడో మెట్టు: పెంచితే గిట్టుతుందో లేదో తూచండి

ఇప్పుడు మీ దగ్గర రెండు అంకెలున్నాయి. నైట్ రిసెప్షన్ నాలుగుసార్లు మారితే 1,11,200. ఆ కుర్చీ జీతం నెలకి 2,500 పెంచితే ఏడాదికి 30,000. జీతం 21,000 లోపు ఉండి, పదిమంది లేదా అంతకుమించి స్టాఫ్ ఉంటే ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) ఉంటుంది. అందులో యజమాని వాటా 3.25 శాతం, ఇంకో 975. మొత్తం 30,975. ఒక్కసారి మారడం ఆగితే మిగిలేది 27,800, ఇంకా చాలదు. రెండుసార్లు ఆగితే 55,600, గిట్టింది. అంటే నలుగురు మారేచోట ఇద్దరే మారితే చాలు, పెంపు తన ఖర్చు తనే తెచ్చుకుంటుంది.

ఈ తూకం కొత్తదేం కాదు. 1913లో అమెరికాలో హెన్రీ ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో దాదాపు 14,000 మంది పనివాళ్లని నిలుపుకోవడానికి ఆ ఏడాది 52,000 మందికి పైగా తీసుకోవాల్సి వచ్చింది. పని యంత్రంలా మారింది, మనుషులు విసిగి వెళ్లిపోయేవాళ్లు. 1914 జనవరిలో ఫోర్డ్ రోజుకూలీని సుమారు రెండున్నర డాలర్ల లోపు నుంచి ఐదు డాలర్లకి పెంచారు, తొమ్మిది గంటల పనిని ఎనిమిదికి తగ్గించారు. 370 శాతంగా ఉన్న టర్నోవర్ 1914లో 54 శాతానికి, 1915లో 16 శాతానికి పడిపోయింది. ఇక్కడ గమనించాల్సింది, ఆయన జీతం ఒక్కటే పెంచలేదు, గంటలు కూడా తగ్గించారు.

మీ ఆరో మెట్టులో కారణం నల్లులని వచ్చి ఉంటే 2,500 పెంచినా మనిషి నిలవడు. రెండు మంచాలు, దోమతెర, ఒక ఫ్యాను ఆ పెంపు కన్నా చవక. కారణం అరుపులని వచ్చి ఉంటే మేనేజరుతో కూర్చోవాలి. అది అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే ఆ మేనేజరు మీకు ఇరవై ఏళ్లుగా నమ్మకస్తుడై ఉంటాడు. అయినా వెళ్లిన ఆరుగురు రూమ్ బాయ్‌ల పేర్లూ ఆయన ముందు పెట్టి, ఒక్కొక్కరికీ అయిన ఖర్చు చూపించండి. తిట్టనక్కర్లేదు. లెక్క చూశాక మారిన మేనేజర్లు ఉన్నారు.

ఎనిమిదో మెట్టు: మొదటి 90 రోజులు కాచుకోండి

తీసుకునేటప్పుడే కష్టమైనది ముందు చెప్పండి. "శనివారం రాత్రి నిద్ర ఉండదు, గరుడ సేవకి సెలవు ఉండదు, దాని బదులు మరుసటి వారం రెండు రోజులు ఇస్తాం" అని చేరకముందే చెబితే, వద్దనుకునేవాడు ఆ రోజే వద్దంటాడు. అది మీకు మేలే. నేర్పడానికి ఖర్చు పెట్టకముందే తేలిపోయింది.

మొదటి రోజు ఎవరి పక్కన కూర్చోవాలో ఒక పేరు పెట్టండి. ఆ నేర్పేవాడికి నెల నిండాక చిన్న మొత్తం ఇవ్వండి, కొత్తవాడు 90 రోజులు నిలిస్తే ఇంకొంచెం. ఏడో రోజు, ముప్పయ్యో రోజు మీరే పిలిచి "పడుకునే చోటు బాగుందా, అన్నం సరిపోతోందా" అని అడగండి. ఐదు నిమిషాల పని.

పనిలోని గుట్లు రాసిపెట్టే పుస్తకం ఒకటి కౌంటర్లో ఉంచండి. 302 గీజర్, మోటార్ వేళ, టోకెన్ల చోట్లు, పిండి రుబ్బే గంట, అన్నీ అందులోకి రావాలి. రాయడం రానివాళ్లు చెబితే ఇంకొకరు రాయాలి.

బీహార్, ఒడిశా, బెంగాల్ అబ్బాయిలు మీ దగ్గరుంటే సెలవుల పట్టిక ఏడాది మొదట్లోనే వేయండి. రైలు టికెట్టు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే బుక్ అవుతుంది. ఛఠ్ పూజకి వెళ్లేవాడికి పోవడానికీ రావడానికీ టికెట్టు మీరే తీసివ్వండి. మొత్తంగా అయ్యేది మనం కట్టిన 27,800లో చిన్న ముక్క. చేతిలో తిరుగు టికెట్టు ఉన్న మనిషి ఊళ్లో ఎవరైనా "బెంగళూరు పోదాం రా" అంటే ఒకసారి ఆలోచిస్తాడు.

అడ్వాన్సుల గురించి నా అభిప్రాయం చాలామంది యజమానులకి నచ్చదు. పెద్ద అడ్వాన్సు ఇచ్చి మనిషిని కట్టేసుకోవచ్చని అనుకుంటారు. కట్టేసిన మనిషి అడ్వాన్సుతో సహా ఒక రాత్రి వెళ్లిపోతాడు. అర నెల జీతానికి మించి ఇవ్వకండి. పిల్లల ఫీజుకో, ఆస్పత్రికో అవసరమైతే విడిగా చూడండి.

తొమ్మిదో మెట్టు: వెళ్లేవాడిని మర్యాదగా పంపండి

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం మానేసినా తీసేసినా రావాల్సిన జీతం రెండు పని దినాల్లో ఇచ్చేయాలి. "వచ్చే నెల పదికి రా, చూద్దాం" అనే పాత అలవాటు మానుకోవాలి. ఆ రోజు నుంచే అమలైన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం గడువు పెట్టి కాంట్రాక్టు మీద తీసుకున్నవాళ్లకి ఏడాది చేసినా గ్రాట్యుటీ వస్తుంది. మీ లెక్కలవాళ్లని అడిగి ఈ మార్పులు రిజిస్టర్లలోకి ఎక్కించుకోండి.

సర్టిఫికెట్లు, ఆధార్ ఒరిజినల్స్ మీ బీరువాలో పెట్టుకోకండి. ఉంటే ఇవాళే ఇచ్చేయండి. భయంతో ఉన్న మనిషి పని చేయడు, కాచుకుని ఉంటాడు.

చుక్క పెట్టిన పేర్లు గుర్తున్నాయా? వాళ్లలో ఒక్కొక్కరికి ఆర్నెల్ల తర్వాత ఫోన్ చేయండి. మొదట్లో చెప్పిన ఆ లాడ్జి యజమాని నాతో లెక్క కట్టించుకున్నాక, గరుడ సేవ ముందురోజు మాయమైన అబ్బాయికే ఫోన్ చేశారు. ఆ రోజు పొద్దున అతని చెల్లెలికి పురుడొచ్చిందట. పండగ ముందు సెలవడిగితే తిడతారని ఫోన్ ఆపేసుకున్నాడట. "నువ్వు చెప్పుంటే నేను కూర్చునేవాడిని కదా నాయనా" అన్నారు ఆయన. "మీరు కూర్చుంటారని తెలీదు సార్" అన్నాడు. ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నది అతనే. ఆ లాడ్జి కౌంటర్ గోడ మీద సెలవుల పట్టిక ఒకటి అంటించి ఉంటుంది. అందులో బ్రహ్మోత్సవాల వారం ఎదురుగా, అత్యవసరమైతే నైట్ డ్యూటీకి ఎవరు కూర్చోవాలనే గడిలో యజమాని పేరు రాసి ఉంది.